కాప్రా ఇంటి తెల్ల టేబుల్ క్లాత్

మా తోటికోడలు కాప్రాలో కొత్త ఫ్లాటుకు మారాక తెల్ల లేసు టేబుల్ క్లాత్ ఒకటి కొన్నది. ఆ ఇంట్లో దానికున్న మర్యాద మనుషులకు లేదు. మూడు పూటలా పసుపూ కారమూ తినేవాళ్లకు తెల్ల గుడ్డ ఎందుకని నేను అడగలేదు. అడిగితే నాకు టేస్టు లేదంటుంది. ఇదివరకే అంది కూడా.

అత్తమ్మ మౌలాలిలో మా దగ్గరే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున పదకొండింటికే భోజనానికి రమ్మంటే ఆమెను తీసుకుని వెళ్లాను. ఆమె కుర్చీలో కూర్చోగానే తోటికోడలు వచ్చి ముందర న్యూస్ పేపరు పరిచింది.

"ఏందే గిది?"

"ఏం లేదత్తమ్మా. మీకు జెర చెయ్యి వణుకుతది కదా. పసుపు మరక పడ్తే పోదు."

అత్తమ్మ పేపరు మీదే తిన్నది. చారు మాత్రం వద్దంది.

మేము చేతులు కడుక్కుంటుండగా మరిది ఆఫీసులో పెద్ద సారు, ఆయన భార్య వచ్చారు. మమ్మల్ని అంత పెందలాడే ఎందుకు పిలిచారో అప్పుడు తెలిసింది. పేపరు చెత్తబుట్టలోకి పోయింది, పింగాణీ ప్లేట్లు బయటికొచ్చాయి. ఆ సారు ఫోన్ చూస్తూనే మటన్ గిన్నె అందుకోబోయి బోర్లించాడు. ఎర్రటి నూనె లేసు అంచు దాకా పాకింది.

"ఫర్వాలేదు సార్, పాత గుడ్డనే. ఉతికితే పోతది" అని తోటికోడలు నవ్వింది. ఇంకో గిన్నె ఇచ్చి ఇదీ ఒంపండి అనేట్టుంది ఆ నవ్వు.

సోఫాలో ఉన్న అత్తమ్మ లేచింది. "పా బిడ్డా, ఇంటికి పోదాం" అంది నాతో.

మరిది గుమ్మం దాకా వచ్చాడు. "గప్పుడే ఏందమ్మా, ఐస్‌క్రీం సుత తెచ్చిన."

"మీ సారుకు పెట్టు" అని ఆమె చెప్పులేసుకుంది.

సాయంత్రం తోటికోడలు ఫోన్ చేసింది. అత్తమ్మకు కోపమొచ్చిందా అని అడుగుతుందనుకున్నాను.

"అక్కా, నూనె మరక దేంతోటి పోతది?"

"గా పెద్ద సారునే అడుగు" అని పెట్టేశాను.

ఆ తర్వాత అత్తమ్మ కాప్రా వెళ్లలేదు. మరిది పిలిచినప్పుడల్లా మోకాళ్ల నొప్పులంటుంది. మొన్న మాత్రం పక్కింటామెతో కలిసి మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కి దిగొచ్చింది.