సత్తార్ ఇంట మొదటి ఈద్

సత్తార్‌కూ నాకూ ఇరవై ఆరేళ్ల స్నేహం. అందులో సగం కాలం అలిగి మాట్లాడుకోకుండానే గడిపి ఉంటాం. తప్పు ఎప్పుడూ అతనిదే అని నేనంటాను. కరీంనగర్ టవర్ వెనక సందులో అతనిది కుట్టు దుకాణం, ఎదురుగా నాది కాజాల దుకాణం. అతను కుట్టిన చొక్కాలు, కుర్తాలు నా దగ్గరికి వస్తే మిషన్ మీద కాజాలు తీసి, గుండీలు కుట్టి పంపుతాను. నా పేరు సిద్దిరాములు. నోరు మంచిది కాదని సందులో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

సత్తార్ అలా కాదు. పొద్దున తొమ్మిదికి వచ్చి మెడలో టేపు వేసుకున్నాడంటే సాయంత్రం దాకా నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒకసారి ఒంటికి టేపు పెడితే చాలు, ఆ మనిషి కొలత అతని చేతికి వచ్చేస్తుంది. కొలతలు పుస్తకంలో రాసుకుంటాడు గాని, కత్తిరించేటప్పుడు దాన్ని తెరవగా నేను చూడలేదు. ఇన్నేళ్లలో ఒక్కరి బట్ట కూడా పాడు చేయలేదు. కోపంలో ఉన్నప్పుడు కూడా ఈ సంగతి నేను ఒప్పుకుంటాను.

అతనికి ఒక్కడే కొడుకు, మోయిజ్. ఇరవై ఏళ్లు. పోయిన జూన్‌లో ఒక ఆదివారం పొద్దున బండి మీద పెద్దపల్లి పోతుంటే గ్రానైట్ రాళ్ల లారీ గుద్దింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. వాడికి సెలవు రోజు కదా, బండేసుకుని తిరగబోయి ఉంటాడని సందంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. సత్తార్ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

పదకొండో రోజున దుకాణం తెరిచాడు. ఆ తర్వాత తొమ్మిది నెలల్లో కొడుకు పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. ఎవరైనా పలకరించబోతే కత్తెర కింద పెట్టి లేచి బయటికి పోయేవాడు. వీడికి మనసే లేదని ఎవరో అంటే నేను వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికి వచ్చాక నా భార్య బాలలక్ష్మితో నేనూ అదే మాట అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని నిజం.

రంజాన్ నెల సగమైంది. ఒకరోజు మధ్యాహ్నం, సత్తార్ నమాజుకు పోయిన సమయం చూసుకుని అతని భార్య అజ్రా నా దుకాణం ముందుకు వచ్చి నిలబడింది.

"అన్నా, మీ దోస్తుకు జర చెప్పు. ఈద్ దినం ఇంటికి తాళమేసి ఇచ్చోడకు పోదామంటుండు, మా ఆడిబిడ్డ ఇంటికి."

"ఎందుకట భాభీ?"

"ఎవ్వలు రావద్దట. ఎవ్వల మొఖం చూడలేడట."

ఆమె బాధ నాకు వెంటనే అర్థమైంది. మా సందులో ముస్లింల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో వచ్చే మొదటి ఈద్‌కు పండుగ పాయసం షీర్ ఖుర్మా వండరు, కొత్త బట్టలు తొడగరు. కానీ తలుపు మాత్రం తీసి పెడతారు. ఈద్గాలో పండుగ నమాజు చేసుకుని చుట్టాలు, ఇరుగుపొరుగు ముందు ఆ ఇంటికే వస్తారు. తినేది వాళ్లే తెస్తారు. పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు, ఏడుపొచ్చినవాళ్లు ఏడుస్తారు. ఆ తర్వాతే మిగతా ఇళ్లకు పోతారు.

"తొమ్మిది నెలలాయె అన్నా, నా పోరని పేరు ఇంట్ల పలికేటోళ్లు లేరు. ఆ ఒక్క దినమన్న నలుగురొచ్చి మోయిజ్ అంటరని ఎదురు చూస్తున్న. తలుపు మూస్తె ఇగ వాడు పుట్టనే లేదన్నట్టయితది." ఆ మాట అని ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇక నేను ఊరుకుంటానా? సత్తార్ రాగానే పోయి పట్టుకున్నాను.

"బాధ నీ ఒక్కనిదేనా సత్తార్? కన్నది ఆమె గాదా? ఆమె సంగతి ఏంది?"

అతను బట్ట మీద సుద్దతో గీత గీస్తూనే ఉన్నాడు. "నీ పని నువ్వు చూసుకో అన్నా."

"నా పని నీ బట్టలకు కాజాలు తీసుడే గద. ఇగ నాకు పంపకు. ఇంకోళ్లను చూసుకో."

పండుగ ముందు, చేతినిండా పని ఉన్న రోజుల్లో అనకూడని మాట అది. అనేశాను. పది రోజులకు పైగా ఇద్దరం మాట్లాడుకోలేదు. అతనే మూట తెచ్చి నా బల్ల మీద పెట్టి, అటు తిరిగి పోయేవాడు. నేను తలెత్తేవాణ్ని కాదు.

ఈద్ ఇంకా మూడు రోజులుందనగా వచ్చిన మూటలో ఒక తెల్ల కుర్తా ఉంది. మీద చీటీ, యూనుస్ సార్ అని. యూనుస్ సారు ఉర్దూ బడిలో టీచరు, భారీ మనిషి, తలుపులో నిలబడితే దుకాణంలోకి వెలుతురు రాదు. కుర్తా పరిచి చూస్తే భుజాలు సన్నగా ఉన్నాయి. చీటీ మారిందేమో అనుకున్నాను. గుండీల పట్టీ సరిచేస్తుంటే జేబు కనిపించింది. ఛాతీ మీద కుడివైపున ఉంది.

మోయిజ్‌ది ఎడమచేతి వాటం. వాడి చొక్కాలకూ కుర్తాలకూ సత్తార్ చిన్నప్పటి నుంచి కుడివైపునే జేబు పెట్టేవాడు. ఏటా రంజాన్‌కు ఆ కుర్తాకు కాజాలు తీసింది నేనే. వేరే ఎవరికీ అలా కుట్టడం నేను చూడలేదు.

దాచేద్దామా అనుకున్నాను. బట్ట ఇస్త్రీలో కాలిందని సారుకు అబద్ధం చెప్పి, అలాంటిదే ఇంకోటి కొని వేరే దర్జీతో కుట్టించవచ్చు. చాలాసేపు అదే ఆలోచించాను. చివరికి కుర్తా మడిచి పట్టుకుని రోడ్డు దాటాను.

"సత్తార్, ఇది యూనుస్ సారుది కాదు."

అతను తీసుకుని విప్పాడు. మెడ చూశాడు, భుజం చూశాడు. జేబులో చేయి పెట్టి, అలాగే ఉంచి నిలబడ్డాడు.

"పుస్తకం చూడలే," అన్నాడు. "చెయ్యి ఎట్ల పోతె అట్ల కోసిన. సారు బట్ట కరాబు చేసిన." అని స్టూలు మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. రోజా ఉన్నాడు, సాయంత్రం దాకా నీళ్లు కూడా ముట్టడు కదా అన్న ఇంగితం నాకు లేకపోయింది. అతను గ్లాసు వైపు చూసి, నా చేతి మీద చేయి వేసి పక్కకు జరిపాడు.

ఆ సాయంత్రం నేనే యూనుస్ సారు ఇంటికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"నాకు పాత కుర్తాలే సాలు సిద్దిరాములు. ఈద్ నాడు వాళ్ల ఇంటి తలుపు తీసుంటదా లేదా, గదే చెప్పు."



మరునాడు సత్తార్ మూట లేకుండా నా దుకాణానికి వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇచ్చోడకు పోతలేను. తలుపు తీస్త," అన్నాడు. "గని ఒక్కటి అన్నా. ఆ దినం ముచ్చట ఎవ్వలు తియ్యద్దు. వాని పేరు గూడ ఎత్తద్దు. వచ్చి, కూసొని, పోవాలె. నువ్వే చెప్పాలె అందరికి."

సరే అన్నాను. ఆ సంతోషంలో ఏం ఒప్పుకుంటున్నానో చూసుకోలేదు. సందులో ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాను, ఏదో పెద్ద ఘనకార్యం చేసినవాడిలా. బాలలక్ష్మికి చెబితే ఆమె చేస్తున్న పని ఆపింది.

"మరి అజ్రా అక్క అడిగింది గదేనా?"

"నీకేం ఎరుక, ఊకో," అని కసురుకున్నాను. కసురుకున్నానే గాని అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఈద్ రోజు పదింటికి సేమియా పాయసం గిన్నెతో ఇద్దరం వెళ్లాం. వాళ్లవి రెండు గదులు. మగవాళ్లు ముందు గదిలో, ఆడవాళ్లు లోపల. వచ్చినవాళ్లంతా నా మాట బ్రహ్మాండంగా నిలబెట్టారు. ఎండల గురించి మాట్లాడారు. మానేరు డ్యాంలో నీళ్లు తగ్గిన సంగతి మాట్లాడారు. ఉతికిన పాత కుర్తాలో వచ్చిన యూనుస్ సారు బడి పరీక్షల గురించి చెప్పాడు. పావుగంట కూర్చోవడం, సత్తార్‌ను కావలించుకోవడం, వెళ్లిపోవడం. సత్తార్ మంచం అంచున తల వంచుకుని కూర్చున్నాడు. కొత్తగా ఎవరు వచ్చినా అజ్రా లోపలి గది గుమ్మం దాకా వచ్చి వాళ్ల నోటి వైపు చూసేది. ఏమీ వినపడక మళ్లీ లోపలికి పోయేది.

అలా నాలుగుసార్లు చూశాను. ఐదోసారి చూడటం నా వల్ల కాలేదు. ఇచ్చిన మాట మీద, నా మీద నాకే మండిపోయింది.

"మీ మోయిజ్ ఉత్త పనిదొంగ సత్తార్," అన్నాను.

గదిలో మాటలు ఆగిపోయాయి. నేను ఆగలేదు. "ఒకపారి కాజాలు నేర్చుకుంట చాచా అని నా మిషన్ మీద కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే ఫోన్ చూసుకుంట, కానిస్టేబుల్ అంగీకి అన్ని కాజాలు అటుపక్క తీసిండు. నేను గమనించకనే గుండీలు కుట్టి ఇచ్చిన. ఆ కానిస్టేబుల్ ఆడోళ్ల రవికె లెక్క గుండీలు పెట్టుకొని డ్యూటీకి పోయిండు. తిట్లు నాకు. వీడేమో ఎనకనుంచి గోడ దుంకిండు."

యూనుస్ సారు ఆపుకోలేక నవ్వాడు. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకున్నాడు. లోపలి గదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"పనిదొంగ కాదన్నా వాడు."

సత్తార్ గొంతు అది. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ దినం గూడ పని మీదనే పోయిండు. తిరగనీకి పోలే. నేనే పొమ్మన్న. పెద్దపల్లిల ఓ స్కూలు సారు ఇంట్ల యూనిఫాం కొలతల కాగితం ఉండె. ఫోన్ల ఫొటో తెప్పిస్త అన్నడు. ఫోన్ల చూసుడు నాకు రాదు, కాగితమే తే అన్న. రేపు పోత అన్నడు. ఇయ్యాల్నే పో అని ఒర్రిన. మీరందరు తిరగవోయిండు అంటుంటె తొమ్మిది నెలలు ఊకున్న. చంపింది నేను."

నాకు నా నోరు కోసేసుకోవాలనిపించింది. సత్తార్ మా ఎవరి వైపూ చూడలేదు, లోపలి గుమ్మం వైపు చూశాడు. అజ్రా అక్కడే ఉంది. మగవాళ్లం ఇంతమందిమి కూర్చున్న గదిలోకి ఆమె నడిచి వచ్చింది. అతని పక్కన మంచం మీద కూర్చుంది.

"మీరు చెప్పి దుకాణంకు పోయిండ్రు," అన్నది. "వాడు మల్ల ముసుగు పెట్టి పండుకున్నడు. అబ్బా కోపం చేస్తడు లేయిర అని గుంజి లేపింది నేను. జర చాయ్ తాగి పోత అమ్మీ అన్నడు. వచ్చినంక తాగుదువు, పో అని నేనే పంపిన."