మా చర్చి మిద్దెకు మెట్లు లేవు

కప్పు కారుతుంటే కింద బకెట్ పెట్టి, “దేవుడే చూసుకుంటాడులే” అని పక్కకు తిరిగి పడుకునేవాళ్లలో మీరూ ఒకరా? కోపం తెచ్చుకోకండి... నిజం చెప్పండి.

మా చిన్నప్పుడు... నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో చర్చి అంటే మట్టి మిద్దె. రాతి గోడలు, వేప దూలాలు, వాటి మీద కట్టెలు, ఆ పైన మట్టి. ముంగారు వానలు రాకముందే ప్రతి ఏడూ ఆ మట్టి మీద చౌడు పరచాలి. చౌడంటే పైరుకు పనికిరాని తెల్లమన్ను... కానీ నీటి చుక్కను కిందికి దిగనివ్వదు. పొలానికి శాపం, మిద్దెకు వరం!

ఎద్దుల బండ్లలో చౌడు వచ్చేది. గోడ పక్కన నాపరాళ్ల మెట్లు. మెట్టుకొకరం నిలబడి తట్టలు పైకి అందించేవాళ్లం. పైన మా జేజి... నాయన తల్లి... కొంగు నడుముకు చుట్టుకుని, మిద్దె మీద మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకించేది. నీళ్లు పోయే తూములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చెత్త లాగేది. ఆమె నోటికి భయపడి పని తప్పించుకోవడానికి జంకేవాళ్లే ఎక్కువ.

“ఏమప్పా దావీదూ, నీడలో కూచుండావు? మన గుడి మీద పడొద్దని వానకు చెప్పొచ్చినావా?”

“నడుము నొప్పి జేజీ...”

“ప్రేమవిందు పంక్తిలో యాడికి పోయిందప్పా ఆ నొప్పి?”

మెట్ల మీద అందరం తట్టలు దించి నవ్వేవాళ్లం. దావీదన్న కూడా నవ్వుతూనే లేచి వచ్చేవాడు.

పక్షవాతం మనిషిని ప్రభువు ముందుకు దించడానికి నలుగురు కప్పు విప్పిన సంగతి వాక్యంలో ఉంది కదా... చౌడు పరిచేటప్పుడు జేజి ఏటా అదే ఎత్తుకునేది. “విప్పినోళ్ల సంగతి శానా బాగుండాది. మళ్లా కప్పినోళ్లు ఎవురు? మన మాదిరోళ్లే అయ్యింటారు!”

ఒక ఏడు వాన పట్టు విడవలేదు. నడిమి దూలం పగిలింది. కింద గుంజ పాతి ఆపుదామని కొందరు, దూలం మార్చి మళ్లీ చౌడు ఎత్తుదామని కొందరు. అప్పటి సంఘపెద్ద మా పెదనాయనే. దూలాలన్నీ పొడిచి చూశాడు. అన్నీ చీకిపోయాయి. కూల్చి స్లాబు పోద్దామన్నాడు. అది తప్పని నేను ఇప్పటికీ అనను. చీకిన దూలం మీద ఎంత చౌడు ఎత్తినా, పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేసినట్టే.

తప్పు ఆ తర్వాత జరిగింది.

స్లాబు పోసిన రోజు మాకు పండగే. పెదనాయన మెట్ల వైపు చూసి, “మన్ను మోసే పీడ పాయె గదా... ఇంకా ఇవి దేనికప్పా, అడ్డం!” అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. జేజి కూడా కొట్టింది. మెట్లు పీకి, ఆ రాళ్లతో చర్చి ముందర అరుగు కట్టుకున్నాం. మెట్లతో పాటు ఏటా పైకెక్కే అలవాటును కూడా పీకేశామని ఒక్కరికీ తట్టలేదు. మన్నుకే మనిషి కావాలనుకున్నాం... సిమెంటుకు అక్కర్లేదనుకున్నాం!

ఇప్పుడు అదే చర్చిలో నేను వాక్యం చెబుతున్నాను. సోమరితనానికి దూలాలు కుంగుతాయని ఎన్నిసార్లు చెప్పానో... ఆమెన్ అనడానికి మాత్రం అందరూ ముందే.

పోయిన ఆదివారం సండే స్కూలు పిల్లలు పాట పాడుతున్నారు. పైనుంచి సిమెంటు పెచ్చు ఊడి చాప మీద పడింది. ఎవరికీ తగల్లేదు. దేవునికి స్తోత్రం... స్తోత్రం చెప్పాం సరే, ఆ పెచ్చు తిరిగి అతుక్కుందా?

ఆరాధన అయ్యాక అరుగు మీద సంఘం కూర్చుంది. పైన పూత పూస్తే చాలని ఒకరు. మొత్తం కూల్చి రెండంతస్తులు లేపాలని ఇంకొకరు. క్రిస్మస్ అయ్యాక చూద్దామని మిగతావాళ్లు.

“పైకెక్కి చూసినోళ్లు ఎవురప్పా?” అని అడిగాను.

“ఎట్ల ఎక్కేదక్కా, మెట్లు యాడుండాయి?” అన్నాడు ఇప్పటి సంఘపెద్ద దేవదానం.

నిచ్చెన తెప్పించి నేనే ఎక్కాను. తూము ప్లాస్టిక్ సంచులతో మూసుకుపోయింది. స్లాబు మీద నీళ్లు మడుగు కట్టి పాచి పట్టాయి. మూలన రావి మొక్క... దాని వేరు నేరుగా పగుల్లోకి దిగింది. కళ్లు మండాయి నాకు.

దిగివచ్చి చెప్పాను. “తూము తీయల్ల, మొక్క పీకల్ల. మేస్త్రీతో పెచ్చులు కొట్టించి లోపల కమ్మీలు చూడల్ల. గట్టిగా ఉంటే బాగు చేద్దాం. తుప్పు తినేసింటే కూలగొడదాం. చూడకుండా ఏం తేలుస్తాండారు మీరు?”

“మంచిదక్కా... వచ్చే మీటింగులో పెడదాం.”

వచ్చే మీటింగు! రావి వేరు మీటింగు కోసం ఆగుతుందా?

మట్టి మిద్దెలు పోయాయి. పోనీ... ఏడాదికోసారి ఊరంతా చేతులు కలిపే ఆ పూట కూడా పోయిందే, అదీ నా కడుపుమంట. మీ ఊళ్లో మిద్దె మీదికి చౌడు ఎవరు ఎత్తేవారో, ఎవరు ఎగ్గొట్టేవారో రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.

కానీ మా సంఘస్థులారా, ఈ మాట మీకే. మబ్బు పట్టింది. చర్చి తలుపుకు తాళం వేసి చెవి నా కొంగున కట్టుకున్నాను. ఆ కప్పు సంగతి తేలేదాకా ఒక్క బిడ్డను కూడా దాని కింద కూర్చోనివ్వను. తిట్టుకుంటారా, తిట్టుకోండి. మేస్త్రీని పిలిచాను, సాయంత్రానికి వస్తున్నాడు. మీటింగు వద్దు, నాకు మనుషులు కావాలి. పలుగు, పార పట్టుకుని రండి... వచ్చే ఆదివారం కాదు, రేపు కాదు... ఇవాళే, పొద్దు ఉండగానే రండి!