మందతో పోయిన కెమెరా

మా ఆయనకు మూర్ఛ ఉంది. గోళీలు వేసుకుంటే నెలల తరబడి దాని జాడే ఉండదు, మరిచిపోతే మళ్లీ పడతాడు. అయినా గొర్రెల మంద వెంట ఒంటరిగానే తిరుగుతాడు. నేనేమో భువనగిరిలో ఉద్యోగం. అందుకే మా ఊళ్లో కొట్టం దగ్గర కెమెరా పెట్టించాను, ఇక్కడ నా ఫోన్లో యాప్ తెరిస్తే కనిపించేలా. ఇంటి వైఫైలో ప్రతి సామానుకూ ఒక నంబరుంటుంది. దీనిది మాటిమాటికీ మారిపోతోందని 192.168.1.20 అని నేనే ఖాయం చేశాను.

ఎండాకాలం మేత కోసం మంద అమ్రాబాద్ వైపు పోయింది. అక్కడి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. ఒక చేనులో కొన్నాళ్లు, తర్వాత ఇంకో చేను. మా ఆయన కెమెరా కూడా విప్పి సంచిలో వేసుకుపోయాడు. గొర్రె వీపు మీద రంగు గుర్తు ఎక్కడికి పోయినా ఉంటుంది కదా, నంబరూ అంతే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అంతే అనుకున్నాను. మొదటి రైతు ఇంటి వైఫైలో బాగానే నడిచింది. చేను మారిన పొద్దున తెర నల్లబడింది.

ఫోన్ చేస్తే ఎత్తడు. జడ సగం అల్లి వదిలేశాను. కూర్చోలేను, నిలబడలేను. యాప్ పని చేయకపోతే, చివరికి ఫోన్ బ్రౌజర్లో ఆ 192 నంబరునే కొట్టాను. పాస్‌వర్డ్ అడిగితే కెమెరా డబ్బా మీద ఉండేదే కొట్టాను. బొమ్మ వచ్చింది! ఒక గేటు, ఎవరూ లేని వాకిలి. గొర్రెలేవి? మనిషేడి? గేటు పక్కన నా చెప్పులు కనిపించాక గానీ అది మా కిరాయి ఇంటి ఓనరు కెమెరా అని అర్థం కాలేదు. నా ఫోన్ నడిచేది వాళ్ల వైఫైలోనే, డబ్బా పాస్‌వర్డ్ వాళ్లూ మార్చలేదు. ఆ నంబరు ఎవరింట్లోనైనా ఉండొచ్చు, గడప దాటితే చెల్లదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

బాగా పొద్దెక్కాక ఆయనే చేశాడు.

"ఎందుకెత్తలే?"

"ఫోను సంచిల ఉండె. గీ రైతింట్ల గుడ కెమెరా ఉన్నదే. మనది పెట్టంగనే రెండూ బందయినయ్."

రెండింటికీ అదే నంబరన్నమాట.

"ఎనక బొత్తాం గట్టిగ ఒత్తి పట్టు. పాత నంబరు పోతది, మళ్ల వైఫైకి కలిపితే ఆడ ఏదిస్తే అది తీసుకుంటది."

నవ్వుతూనే చెప్పినట్టల్లా చేశాడు. నాకు నవ్వు రాలేదు.

తెర వెలిగింది. ఎదురుగా నిలబడి, "కనిపిస్తున్ననా?" అన్నాడు.

కనిపించాడు. ఎడమ చెంప నిండా, చెవి దాకా మట్టి ఎండి ఉంది. అంగీ భుజం దగ్గర చిరిగింది.

"ఎప్పుడు పడ్డవ్?"

చెంప తడుముకున్నాడు. "పొద్దుగాల. నువ్వు సూస్తలేవు గదా అని చెప్పలే."