బకెట్లలో తోట వేసిన గంగులప్ప

గంగులప్పది శాంతిపురం దగ్గర ఒక చిన్న పల్లె. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ సెంటు నేల లేదు. ఉన్నదల్లా రాతి పనే. పద్దెనిమిదేళ్లకే క్వారీలో సుత్తి పట్టాడు. ఉలి ఎక్కడ పెడితే రాయి ఎటు చీలుతుందో చూపుతోనే చెప్పేవాడని చుట్టుపక్కల పేరుండేది. నలభై నాలుగో ఏట, లారీకి ఎక్కిస్తున్న రాయి జారి ఆయన ఎడమ కాలి మీద పడింది. కుప్పంలో చూపిస్తే మోకాలి కింద తీసేయక తప్పదన్నారు.

ఆయన భార్య పాపక్క ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. మదనపల్లె టమాటా మార్కెట్లో కాయలు ఏరే పని దొరుకుతుందని ఎవరో చెబితే, మొగుణ్ణీ రెండు ట్రంకు పెట్టెల్నీ వెంటబెట్టుకుని వచ్చేసింది. కూతురు అశ్విని కుప్పంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుకుంటోంది. పుంగనూరు రోడ్డు వైపు ఒక వీధిలో, వెంకటరత్నమ్మ అనే ఆవిడ ఇంటి వెనక రెండు గదులు అద్దెకు దొరికాయి. ఆ గదుల వెనక రెండు మంచాలు పట్టేంత జాగా. అందులో ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలూ, సిమెంటు పెళ్లలూ.

మొదట్లో గంగులప్ప మాట్లాడడమే మానేశాడు. పాపక్క పనికి వెళ్లాక గోడకు ఆనుకుని కూర్చుంటే, ఆమె తిరిగి వచ్చేదాకా అదే చోటు. అన్నం వండి పెట్టడం ఒక్కటి నేర్చుకున్నాడు. మార్కెట్లో నలిగి పక్కన పడేసిన టమాటాలు పాపక్క సంచిలో తెచ్చేది. పాడైన ముక్క కోసి కిటికీలోంచి వెనక్కి విసిరేసేవాడు.

వానలు పడ్డాక ఒక పొద్దున చూస్తే, ఆ ఇటుక ముక్కల సందుల్లో టమాటా నారు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. చంకకర్ర ఆనించి వంగబోయి కింద పడ్డాడు. పడ్డచోటే కూర్చుని, వేళ్లు తెగకుండా ఒక్కో మొక్కా పీకి, పగిలిన బకెట్టులో మన్ను నింపి నాటాడు. రోజూ బట్టలుతికిన నీళ్లు పోశాడు. పది రోజులకు ఆకులు మాడి, అన్నీ చచ్చిపోయాయి.

ఆ బకెట్టు పట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుని ఉండగా ఆకుకూరల చెంగల్రాయుడు వచ్చాడు. అరవై దాటిన మనిషి. పుంగనూరు నుంచి తెల్లారుజామునే పాత మోపెడ్ మీద తోటకూర, చుక్కకూర, పుదీన కట్టలు వేసుకొచ్చి మదనపల్లె వీధుల్లో అమ్ముతాడు. బండి ఆపి బకెట్టులోకి తొంగి చూశాడు.

"ఏం నీళ్లు పోసినావప్పా దీనికి?"

"బట్టలుతికినవి."

"సోడా నీళ్లు పోస్తే యాడ బతుకుతాది? బియ్యం కడిగినవి పొయ్యి, పప్పు కడిగినవి పొయ్యి. ఈ మన్ను గూడా సూడు, రాయి మాదిరి గట్టిపడిపోయుండాది. సగం మన్ను, సగం ఎండిన పేడ, రాలిన ఆకులు. అడుగున రెండు బొక్కలు పెట్టు, నీళ్లు నిలవగూడదు."

మర్నాడు వచ్చేటప్పుడు ఒక గోతం ఎండు పేడ తెచ్చి గుమ్మం ముందు దించాడు. ఆ తర్వాత పుదీన వేళ్లు, పొన్నగంటి కొమ్మలు. ఆపైన వంగ విత్తనం, చిక్కుడు లాంటి అనప విత్తనం. ఒకరోజు గంగులప్ప ఉండబట్టలేక అడిగేశాడు.

"అన్నా, నాకు పెంచేది నేర్పిస్తే రేపు నీ దగ్గర కూరాకు ఎవురు కొంటారు? నీ బేరం నువ్వే సెడగొట్టుకుంటాండావే?"

"ఒగ ఇంటి బేరం పోతే నా బండి ఆగిపోతాదా? నువ్వు బొక్కలు పెట్టినావా లేదా, అది సెప్పు ముందు," అని యాక్సిలరేటర్ తిప్పి వెళ్లిపోయాడు.

గంగులప్పకు వంగడమే పెద్ద కష్టం. మొక్కలు నేల మీద ఉంటే వాటి పని చేయలేడు. మొక్కల్నే తన ఎత్తుకు తెచ్చుకోవాలి. వీధి చివర హరినాథ్ అనే ఆయన బండల షాపు ఉంది. కోసి పారేసిన ముక్కలు గుట్టగా పడి ఉంటే అడిగాడు. "పారెయ్యడానికే మనుషుల్ని పెట్టాల. కావాల్సినన్ని తీసుకో," అని హరినాథ్ తన ఆటోలోనే వేయించి పంపాడు.

ఆ రోజు పాపక్క మార్కెట్ నుంచి వస్తూ ఇంటి గేటు దగ్గర ఆగిపోయింది. లోపల్నుంచి ఉలి మీద సుత్తి పడుతున్న చప్పుడు. రెండు దెబ్బలు, ఒక ఆపు, మళ్లీ రెండు దెబ్బలు. శాంతిపురంలో ఇరవై ఏళ్లు విన్న చప్పుడే. సంచి కింద పెట్టి, అది ఆగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, "అంత దుమ్ము పీలుస్తాండావు, మూతికి గుడ్డ గట్టుకోకూడదా?" అని మాత్రం అంది.

రెండు వారాల్లో గోడ పొడవునా నడుమెత్తు రాతి అరుగు లేచింది. దాని మీద పగిలిన బకెట్లు, పెయింటు డబ్బాలు, సిమెంటు గోతాలు, అడుగు పోయిన ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ములో బొప్పాయి. స్టూలు మీద కూర్చుని జరుగుతూ పోతే ప్రతి మొక్కా చేతికి అందేది. రెండో పంటకాలానికి అనప తీగ గోడెక్కింది.

దానితోనే తంటా వచ్చింది. వెంకటరత్నమ్మ గోడ మీద చెమ్మ మరక చూసి వెనక్కి వచ్చింది. రామసముద్రం వైపు భూములున్న రైతుల ఇంటి ఆడబడుచు ఆవిడ. బోర్లు ఎండిపోయాక ఆ భూములన్నీ అమ్ముకుని టౌనుకు వచ్చారు.

"గంగులప్పా, గోడ నానిపోతాండాది. ఇయన్నీ తీసెయ్యాల."

"తీసేస్తానమ్మా. నాలుగు దినాలు గడువియ్యి."

ఆ నాలుగు రోజులూ ఆయన మొక్కలు తీయలేదు, అరుగునే విప్పాడు. గోడకు జానెడు ఎడంగా మళ్లీ కట్టాడు. నీళ్లు బయటి కాలువలోకి పోయేలా వాటంగా రాతిలో గాడి చెక్కాడు. గోడ ఆరాక వెంకటరత్నమ్మ మళ్లీ వచ్చింది. గాడి వెంట వేలు పెట్టి చూసింది. అనప తీగ నుంచి ఒక కాయ తెంపి, గోటితో ఒలిచి, గింజ వాసన చూసింది.

"మా సేన్లో అనపకాయ ఇట్లే సొన కారతా ఉన్నింది," అంది. తల ఎత్తి మిద్దె వైపు చూసింది. "మిద్దె మింద గూడా జాగా ఉండాది కదా. నువ్వు ఎక్కలేవు, నీకు తెలిసింది సెప్పు, నేను పోస్తా నీళ్లు."

అట్లా తోట మిద్దెకెక్కింది. ఆ ఏడే టమాటా ధర ఆకాశాన్నంటింది. పాపక్క రోజంతా ఏరే కాయలు కొనే స్తోమత ఆమెకే లేదు. కానీ బకెట్లలో కాసిన టమాటాలతో ఇంట్లో పులుసుకు లోటు రాలేదు. వీధిలో వాళ్లు గిన్నెలు పట్టుకొస్తే గంగులప్ప కాయలు ఇచ్చాడు, కాయలతో పాటు ఇంత నారు కూడా ఇచ్చాడు. బకెట్టు పగిలిపోతే పారేయొద్దని అందరికీ చెప్పాడు.

అట్లాంటి రోజుల్లో చెంగల్రాయుడు రావడం ఆగిపోయింది. గంగులప్ప వారం చూశాడు, రెండు వారాలు చూశాడు. కంటి ఆపరేషన్ అయిందని పాలవాడి ద్వారా తెలిసింది. కాలు పోయాక గంగులప్ప ఒంటరిగా బస్సెక్కింది లేదు. ఆదివారం పొద్దున సంచిలో వంకాయలు, అనపకాయలు, ఒక దోరపండు బొప్పాయి సర్దుకుని, కండక్టరు చేయి అందిస్తే పుంగనూరు బస్సెక్కాడు.

చెంగల్రాయుడిది సందులో ఒకే గది. వాకిలి దిగితే సిమెంటు రోడ్డు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి, గంగులప్ప గొంతు గుర్తుపట్టి లేచాడు.

"ఆకులమ్మేవాడికి కూరగాయలు మోసకచ్చినావా? కర్రేసుకోని ఇంత దూరం యాల వస్తివప్పా?"

"అన్నా, ఆ పొద్దు నువ్వు బండి ఆపకపోతే ఆ సచ్చిన మొక్కల్తో పాటు నేనూ అట్నే అయిపోయుందును. ఆ మాట నీకు ఎప్పుడూ సెప్పలేదు. సెప్పి పోదామని వచ్చినా."

చెంగల్రాయుడు వంకాయ ఒకటి తీసి చేతిలో తిప్పి చూశాడు.

"ముప్పై ఏండ్లు ఎవురి మడిలోదో కొనుక్కోని అమ్మినా. ఒగ మొక్క గూడా నా సేత్తో నేను మొలిపించింది లేదు. నాకు యాడుండాది జాగా? పేడ ఎట్లెయ్యాల, నీళ్లు ఎట్ల పొయ్యాల, అంతా మడికాడ సూసి నేర్సుకున్నదే. సెప్పుకునే మనిషి దొరకలేదు. ఆ పొద్దు నువ్వు బకెట్టు పట్టుకోని కూసోనుంటే నాకు పానం లేసొచ్చింది. నువ్వు నాకు దండం పెడతాండావు గానీ, నీ గోడ మిందికి ఆ తీగ ఎక్కిన పొద్దు నేను ఇంటికొచ్చి నా పెండ్లానికి సెప్పుకున్నా, మన అనప కాసిందే అని."

ఇద్దరూ బొప్పాయి కోసుకుని తిన్నారు. నాలుగు వారాలకు డాక్టరు బండి నడపొచ్చన్నాడని, మళ్లీ వస్తానని చెంగల్రాయుడు మాటిచ్చాడు. అన్నట్టే వచ్చాడు కూడా.

ఆ ఆదివారం సాయంత్రం గంగులప్ప ఇల్లు చేరేసరికి పాపక్క గంజి వార్చుతోంది. ఏమన్నాడని అడిగితే జరిగిందంతా చెప్పాడు. చెప్పడం అయిపోయినా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"నీకు గూడా ఒగ మాట సెప్పాల్సింది ఉన్నింది పాపక్కా. ఆయప్పకు సెప్పినా, నీకు సెప్పలా. ఇంత కాలం నన్ను..."

ఆమె తల ఎత్తలేదు. చెంగు కొసతో మొహం తుడుచుకుని, కంచం ముందుకు జరిపింది.

"తెలుసులే. కూసో, అన్నం సల్లారిపోతాది."