కరెంటు సైకిలుపై నేను జరిపిన విచారణ

ఒక మనిషి తన సొంత తెలివితో, సర్వ జాగ్రత్తలూ తీసుకుని, తన పరువును మిరపకాయల కుప్పలో ఎలా పూడ్చిపెట్టుకోగలడో తెలుసుకోదలచినవారు ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా చదవాలని మనవి. ఇందులో నేను చేర్చిన అతిశయోక్తి ఏదీ లేదు. అవసరమైనదంతా ఆ సైకిలే చేర్చింది.

రెండు వేల ఎనిమిది ప్రాంతపు మాట. కచేరీలో రికార్డు గుమాస్తాగా పనిచేసి, కొత్తగా విరమణ పొంది, టేకులపల్లిలో స్థిరపడ్డాను. నా మోకాళ్ళు మామూలు సైకిలు తొక్కడానికి రాజీనామా ఇచ్చాయి. మోటారు సైకిలు నడపడం నాకు రాదు. కనుక ఎక్కడికి వెళ్ళాలన్నా నా బామ్మర్ది దేవదానం బండి వెనక కూర్చోవలసిందే. దేవదానం రోడ్డు మీది గుంతలను తప్పించడు. ప్రతి గుంతనూ పేరుపేరునా పలకరిస్తాడు. "గట్టిగ పట్టుకో బావా!" అన్న హెచ్చరిక మాత్రం గుంత దాటాక వినిపిస్తుంది.

ఈ పరాధీనత సహించలేక ఖమ్మం నుంచి కరెంటు సైకిలు తెచ్చాను. సీటు కింద బ్యాటరీలు, వెనక చక్రంలో మోటారు, కుడి పిడి తిప్పితే పరుగు. తెచ్చిన నాడే నా భార్య సుగుణను వాకిట్లో నిలబెట్టి, బండితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వివరించాను.

"ఇగో, ఈ బ్రేకు పట్టీ చూసినవా? జర్రంత నొక్కితే చాలు, మోటారుకు కరెంటు బందయితది. పిడి ఎంత తిప్పినా కదలది. ప్రమాదం కాకుండ గిట్ల పెట్టిన్రు."

"మంచిగనే ఉంది. నిన్ను ఆపేటందుకు గిట్లాంటిది ఏమన్న ఉంటదా?" అంది సుగుణ.

యంత్రం విలువ తెలియనివారితో వాదించడం నా పద్ధతి కాదు. కొత్త బండి గనుక ఒక గుడ్డ సంచిలో పానా, స్క్రూడ్రైవరు వేసి, దాన్ని ఎడమ పిడికి తగిలించుకుని తిరగసాగాను.

మొదటిసారి ఊరి చివర కల్వర్టు దగ్గర ఆగింది. సంచి తీసి నేల మీద పెట్టి, బ్యాటరీ తీగ బిగించి, పిడి తిప్పాను. బుద్ధిగా కదిలింది! ఇంటికి వచ్చి రిజిస్టరులో వ్రాశాను: "కారణం: వదులైన తీగ." మర్నాడు మళ్ళీ ఆగింది. సంచి దించి, తీగల చివరలు గరుకు కాగితంతో రుద్దాను. కదిలింది. "కారణం: తుప్పు." ఆ పై రోజు దేనినీ బాగుచేయలేదు, సంచి దించి పానా చేతిలోకి తీసుకున్నానంతే. కదిలింది! "కారణం: భయం" అని వ్రాయబోయి, ఒక ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగి వ్రాయదగిన మాట కాదని, "తేమ" అని వ్రాశాను.

పాఠకులు నా స్థితిని గమనించాలి. నేను కనిపెట్టిన ప్రతి కారణమూ రుజువైంది. చేసిన ప్రతి వైద్యమూ తక్షణం ఫలించింది. బండి మాత్రం పక్క ఊరు చేరలేదు.

అంచేత సంచిలోకి ఒక్కొక్కటే కొత్త పరికరం చేరింది. పట్టకారు, ఆకురాయి, పరీక్ష బల్బు, గాలి పంపు, చివరికి ఒక సుత్తి. సుత్తి దేనికని సుగుణ అడిగితే రేపు చెప్తానన్నాను, ఎందుకంటే నాకూ తెలియదు. విచిత్రమేమిటంటే సంచి బరువెక్కిన కొద్దీ బండి మరీ తొందరగా ఆగిపోయేది. దీన్ని నేను నా దూరదృష్టికి తార్కాణంగా భావించాను. రోగం ముదురుతున్నది, మందులేమో ముందే పోగుచేసి ఉంచాను!

ఆదివారాలు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. విశ్రాంతి దినాన నేను పనిముట్లు ముట్టను. బైబిలు క్యారేజీకి బిగించి, చర్చికి గాలిలో తేలినట్టు వెళ్ళి వచ్చేవాడిని.

"బండికి భక్తి మస్తుగుంది. నీకే సరిపోతలేదు," అనేది సుగుణ.

బండిని ట్రాలీలో వేసి ఖమ్మం డీలరు దగ్గరికీ తీసుకువెళ్ళాను. అక్కడ పానాలకు కొదవ ఉండదు గనుక చేతులూపుకుంటూ వెళ్ళాను. అతడు బజారంతా ఒక చుట్టు చుట్టి వచ్చాడు.

"సార్, గుర్రం లెక్క ఉరుకుతుంది. కంప్లెయింటు ఏంది?"

"మీ దగ్గర ఉరుకుతది. నా దగ్గర ఆగుతది."

అతడు బండిని వదిలి నన్ను పరిశీలించడం మొదలుపెట్టాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. అక్కడికక్కడే మరింత పెద్ద బ్యాటరీలు, మోటారుకు కరెంటు పంచే కంట్రోలరు డబ్బా కొత్తవి కొని తెచ్చి, ఇంటి వరండాలో స్వయంగా బిగించాను. స్టాండు మీద చక్రం ఫ్యానులా తిరిగింది. మర్నాడు సంచి తగిలించి బయలుదేరాను. అదే కల్వర్టు, అదే మౌనం.

సుగుణ ఓపిక అక్కడితో అయిపోయింది. జూలూరుపాడులో మా తోడల్లుడి కూతురికి ప్రధానం కుదిరింది. పెద్దవాణ్ణి గనుక ఉంగరాలు మార్చుకునే ముందు ప్రార్థన నేనే చేయాలి.

"ఇగో చెప్తున్న, విను. గీ బండి మీద జూలూరుపాడు దాక పోయినవంటే ఉంచుకో. నడుమల ఆగిందా, కోళ్ళ గూటికి అడ్డం పెడ్త. సచ్చేదాక మా తమ్ముని ఎన్క కూసోవాలె."

"అవ్, ఒప్పుకున్న," అన్నాను. నా స్వాతంత్ర్యం మొత్తం ఆ మాటలో పడింది.

ఆ రోజు తెల్లని చొక్కా, తెల్లని పంచె, ఎన్నడూ లేనంత బరువు సంచి. దేవదానం బండి మీద రావలసిన సుగుణకంటే చాలా ముందే బయలుదేరాను. ఆగాను, దించాను, బిగించాను, కదిలాను, మళ్ళీ ఆగాను. జూలూరుపాడు ఇక కనుచూపు మేరలో ఉందనగా, రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసిన కల్లం ముందు, బండి శాశ్వతంగా కన్నుమూసింది. ఏ తీగ బిగించాలో తోచక, సంచి దించడం కూడా మరచి నిలబడి ఉండగా దేవదానం బండి వచ్చి ఆగింది. వెనక పట్టు చీరలో సుగుణ.

"ఏంది బావా, మిరపకాయలు బేరం చేస్తున్నవా?"

"నడుస్తలేదు."

"గట్లనా! అయితే జల్దీ ఎక్కు. నడిమిట్ల కూసో."

నడిమిట్ల! బామ్మర్దికీ భార్యకూ మధ్య, పాల డబ్బాలా! నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది.

"నా తప్పేముంది? మీరే చూడున్రి!" అంటూ బండి పక్కన నిలబడి, కుడి పిడిని ఆసాంతం తిప్పి పట్టుకున్నాను. "చూసిన్రా? పానం లేదు!"

సుగుణకు జాలి కలిగింది. "సరే తియ్యి, ఎండల నిలబడకు. ముందుగాల ఆ సంచన్న ఇటియ్యి," అంటూ ఎడమ పిడికున్న సంచి ఎత్తింది.

అంతే. కొత్త బ్యాటరీలు తమ బలమంతా ఒక్కసారిగా చూపించాయి. బండి ఎగిరి దూకింది. పిడి వదలాలన్న ఆలోచన నాకు రాకముందే నన్ను ఈడ్చుకుంటూ రోడ్డు దిగి, కల్లంలోకి దూరి, మిరపకాయల కుప్పలో ముక్కు పెట్టి ఆగింది. నేనూ అదే పద్ధతిలో ఆగాను.

"ఓ సారూ!" కల్లం యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. "కాయలు చూసుడంటే చేతుల పట్టుకొని చూడాలె, గిట్ల పొర్లి చూస్తరా?"

తుమ్ముతూ లేచాను. అయినా నా ముఖం వెలిగిపోతోంది. "నడిచింది! కొత్త కంట్రోలరు ఇప్పుడు కుదురుకున్నది!" అని ప్రకటించి, బండిని రోడ్డెక్కించి, సంచి అందుకుని తగిలించి, పిడి తిప్పాను. ఉలుకు లేదు, పలుకు లేదు.

దేవదానం వచ్చి వెనక చక్రం పైకెత్తి, "తిప్పు బావా," అన్నాడు. తిరగలేదు. సంచి తీశాడు. తిరిగింది. తగిలించాడు. ఆగింది. తీశాడు. తిరిగింది. "అక్కా, లైటు బటను దొరికిందే!" అని పసివాడిలా మళ్ళీ మళ్ళీ చేశాడు.

"సంచికీ మోటారుకూ ఏం సంబంధం?" అన్నాను కోపంగా.

సుగుణ వంగి చూసింది. సంచి కాడలు పిడినీ బ్రేకు పట్టీనీ కలిపి చుట్టుకుని ఉన్నాయి. బరువుకు బిగుసుకుని, పట్టీని పిడి వైపు గుంజుతున్నాయి.

"ఇది జర్రంత నొక్కితే మోటారు బందయితదని చెప్పింది ఎవరు?"

"ఎవరు?"

"నువ్వే. వాకిట్ల నిలబెట్టి, పుస్తకమంత చదివి."

నేను మిరప ఘాటు మీద నెపం పెట్టి మరో రెండుసార్లు తుమ్మాను.

మిగిలిన దారంతా బండి ఎక్కడా ఆగలేదు. నా వెనకనే దేవదానం, అతని వెనక సుగుణ, వాళ్ళిద్దరి నడిమిట్ల, నాకు కేటాయించిన స్థానంలో, నా పనిముట్ల సంచి. ప్రధానంలో ఎర్రబడ్డ కళ్ళతో, ధారగా నీళ్ళు కారుస్తూ ప్రార్థన చేశాను. ముక్కు పట్టేసి గొంతు వణికింది. పిల్ల తల్లి చలించి తానూ ఏడ్చింది. ఇంత కదిలించిన ప్రార్థన వినలేదని పెళ్ళికొడుకు తండ్రి నా చేయి పట్టుకున్నాడు; ఆ వెంటనే ఆయనా కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. చేతులకూ మిరప అంటుకుని ఉంది మరి.

దారిలో ఆగింది సంచి వల్లే గాని బండి వల్ల కాదని సుగుణ తీర్పు చెప్పడంతో, ఒప్పందం ప్రకారం బండి నాకే దక్కింది. మర్నాడు రిజిస్టరులో వ్రాశాను: "కారణం: బ్రేకు పట్టీపై బాహ్య భారము."

సుగుణ భుజం మీదుగా చదివింది. "గంత పొడుగెందుకయ్యా? 'నేనే' అని రాయి. జాగ మిగుల్తది."

కొట్టివేసి, అలాగే వ్రాశాను. మిగిలిన జాగాలో ఈ ప్రతిజ్ఞ కూడా నమోదు చేశాను: "ఏ యంత్రము ఆగిననూ, పానా అందుకొనుటకు ముందు నన్ను నేను ఆపాదమస్తకము సోదా చేసుకొందునని, ఎవరి బలవంతమూ లేక, పూర్తి స్పృహతో ప్రమాణము చేయుచున్నాను."

సాక్షిగా సుగుణ సంతకం చేసింది. దేవదానం కూడా చేస్తానని కలం అందుకున్నాడు. జాగ లేదని చెప్పాను.