మెడ వంకరపోయిన చిలుక

ఈ అరబ్బు దేశంలో, అరాద్‌లో నేను తోటపని చేసే ఇంటి ముసలమ్మకు చిలుకంటే ప్రాణం. మొన్న అది చనిపోయింది. అప్పటినుంచి ఆమె సరిగా తినడం లేదు.

చిన్నప్పుడు మా దూడ చస్తే నాయిన దాని తోలులో గడ్డి కూరి నిలబెట్టాడు. బర్రె దాన్ని నాకుతూ పాలు చేపింది. అది గుర్తొచ్చి, చిలుక తోలు ఒలిచి, ఉప్పు రాసి, దూది కూరాను. మెడ వంకరపోయింది. ముసలమ్మకు కళ్లు ఆనవు కదా, తెలియదనుకుని ఈ రోజు పంజరంలో పెట్టాను. ఆమె చేత్తో నిమిరింది.

“మర్ గయా, మాలూమ్. తుమ్ బనాయా, రాజన్నా?” అంది వచ్చీరాని హిందీలో. చచ్చిందని తెలుసు, ఇది నువ్వు చేసిందేనా అని.

“హా, అమ్మా,” అని తల దించుకున్నాను.

“గర్దన్ టేఢా!” మెడ వంకర అని నవ్వింది. తర్వాత రొట్టె అడిగింది.

మా బర్రె కూడా తెలిసే పాలిచ్చిందేమో. బర్రెలను సాకినవాళ్లు చెప్పండి.