చెవిలో చెప్పిన ధర

ఆ ఆదివారం బాస్కెట్‌బాల్ కోర్టులో ఏం జరిగిందో చెప్పమంటే మా దీవిలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. వాళ్ళ మాటలు నమ్మకండి. కోర్టు నడిమధ్యలో తడి గౌనుతో, చేపల కంపుతో, ఎటు నడవాలో తేలక నిలబడ్డ మనిషిని నేను. చెబితే నేనే చెప్పాలి. 

ముందు లూడివీనా సంగతి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది కాబట్టి ఆతె అని పిలుస్తాను, అంటే అక్క అని. రక్తసంబంధం ఏమీ లేదు, గోడకి గోడ ఇరుగుపొరుగు, అంతే. పొట్టి మనిషి, గట్టి గొంతు, అరిగిపోయిన మోకాళ్ళు. రేవు పక్కనే చిన్న దుకాణం. ఆ దుకాణం కిటికీ దగ్గర ఏదీ మొత్తంగా అమ్ముడుపోదు. ఒక సిగరెట్టు, రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు గ్లాసు నూనె, ఒక్క తలంటుకి సరిపడా షాంపూ. రోజు సంపాదన రోజుకే చాలీచాలనట్టుండే మాకు అదే అలవాటు, ఆమెకి అదే విద్య. పెద్ద వస్తువుని మా చేతికి అందేంత చిన్నదిగా చేయడంలో ఆమెని మించిన వాళ్ళు లేరు.

దీవిలో మొదటి సెల్‌ఫోను ఆమెదే. అప్పట్లో సిగ్నలు చర్చి మెట్ల మీద, పై నుంచి మూడో మెట్టు దగ్గర మాత్రమే వచ్చేది. ఆతె ఆ మెట్టు మీద అలారం గడియారం పెట్టుకుని కూర్చునేది. మనీలాలో ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే అర నిమిషానికి అయిదు పీసోలు. నిమిషం లెక్కన ఎందుకు పెట్టలేదని ఎవరో అడిగితే, "బాగున్నావా, బాగున్నాను, డబ్బు పంపు. దీనికి నిమిషం దేనికిరా?" అందట. మా నాన్న పోయిన కబురు మా అన్నకి ఆ మెట్టు మీద నుంచే చెప్పాను. రెండు నిమిషాలు ఏడ్చాను. గడియారాన్ని బోర్లా తిప్పి పెట్టింది ఆమె. అయిదు పీసోలే తీసుకుంది.

తర్వాత అందరికీ ఫోన్లు వచ్చాయి. వాటిలో బ్యాలెన్సు వేయించుకోవడానికి కంపెనీ కార్డేమో మూడు వందల పీసోలు! మాలో ఎవరు కొనగలరు? ఆతె కొనేది. అయిదేసి పీసోల ముక్కలుగా తన ఫోను నుంచి మా ఫోన్లకి పంపేది. ఎండలో, వానలో గుమ్మం గుమ్మానికీ తిరిగి అమ్మేది. మోకాళ్ళు పోయింది అక్కడే.

నడవలేని స్థితి వచ్చాక ఒక పెట్టె తెచ్చింది. బిస్కెట్ డబ్బా అంత ఆకుపచ్చ పెట్టె, దానికో చీలిక. అందులో ఒక పీసో నాణెం వేస్తే మన ఫోనుకి ఆరు నిమిషాలు నెట్టు. పని అయిపోతే ఆపేసుకోవచ్చు, మిగిలిన నిమిషాలు మూడు రోజుల వరకు మనవే. పెట్టె ఏమో దుకాణం గోడకి, గాలిలోంచి నెట్టు పట్టే గొడుగేమో వెనక వెదురు గడకి. పోయిన తుఫానుకి ఆ వెదురు విరిగి ఎటు కొట్టుకుపోయిందో దేవుడికే తెలియాలి. అప్పటి నుంచి గొడుగుని రేకు కప్పు మీద తాళ్ళతో కట్టి, గాలి వీస్తే చాలు ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది.

అలాంటి సమయంలో పంచాయతీ వాళ్ళు కోర్టు వెనక ఇనుప స్తంభం నాటారు. నలభై అడుగులు! ఏ తుఫానుకీ కదలనిది! కాని దాని మీద ఒక్క గొడుగుకే చోటు. ఆతె దరఖాస్తు పెట్టిన రోజునే పట్టణం నుంచి ఎవరిస్తో అనేవాడు దిగాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో గొలుసు, మూడు చక్రాల బండికి మైకు. "రోజంతా నెట్టు! పదిహేను పీసోలే! సూర్యుడు లేచింది మొదలు మళ్ళీ లేచేదాకా, ఎంత చూస్తే అంత!" అని దీవి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కుర్రకారుకి పిచ్చెక్కిపోయింది.

మా పంచాయతీ పెద్ద కాపితాన్ హిలారియో ఎవరినీ నొప్పించలేని మనిషి. "వారం రోజులు ఇద్దరూ నడపండి. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఇంటికొకరు చొప్పున కోర్టుకి రండి. ఎవరి నెట్టు కావాలో వాళ్ళ వైపు నిలబడండి. ఎవరి వైపు ఎక్కువ ఉంటే స్తంభం వాళ్ళది," అని తేల్చేశాడు. మా దీవిలో అంత సంబరం పండక్కి కూడా చూడలేదు. కోడిపందాలకి కాసినట్టు బీరు సీసాలు కాశారు. ఆతెకి మాత్రం అది ఆట కాదు. స్తంభం పోతే ఎవరిస్తో గొడుగు ముందు ఆమె రేకు కప్పు గొడుగు పనికిరాదు. పెట్టె మూసుకోవాలి. ఈ మోకాళ్ళతో మళ్ళీ గుమ్మాలెక్కి తిరగలేదు.

సోమవారం ఆతె పెట్టెలో పదకొండు నాణేలు పడ్డాయి. మంగళవారం ఏడు. ఆ ఏడులో ఒకటి నాది.

నాకు నెట్టు ఎందుకంటే, నేను మా ఆయన పడవ చేపలు అమ్ముతాను. మా రేవులో బేరం పైకి అరిచి చేయరు. కొనేవాడు దగ్గరికొచ్చి అమ్మేవాళ్ళ చెవిలో తన ధర చెబుతాడు. వాడు పక్కకి తప్పుకుంటే ఇంకొకడు. ఒకడి ధర ఇంకొకడికి తెలియదు. అన్నీ విన్నాక నచ్చిన వాడిని చూసి తల ఊపాలి. ఊపామంటే అంతే, సముద్రం ఎండినా మాట తప్పకూడదు. ఇంతమంది చెవిలో చెబుతుంటే ఎవడు న్యాయంగా చెబుతున్నాడో ఎలా తెలియాలి? నాణెం వేసి, పట్నం మార్కెట్లో ఉన్న మా చిన్నాన్న కూతురు కోరింగ్‌ని అడుగుతాను. "ఈరోజు ఎంత?" రెండు మాటలు. ఆరు నిమిషాల్లో మూడు మిగులుతాయి కూడా. పదిహేను పీసోల టికెట్టు నాకెందుకు? రోజంతా నెట్టు చూస్తూ కూర్చుంటే చేపలెవరు తోముతారు, మీరు తోముతారా?

మంగళవారం సాయంత్రం గోడ అవతల నుంచి అంతా వినిపించింది. ఆతె మేనకోడలు జోనాబెల్ గొంతు.

"అత్తా, నీకేమన్నా మతి పోయిందా? ఏడు నాణేలు! అక్కడ వాడికి క్యూ రోడ్డు దాకా ఉంది!"

"ఉంటే ఉండనీ."

"ఉండనీ ఏంటి? మనమూ పెడదాం రోజంతా. పది పీసోలకే ఇద్దాం. వాడి కళ్ళద్దాలు ఎగిరిపోవాలి!"

"నా బతుకులో ఏదీ మొత్తంగా అమ్మలేదే పిల్లా."

"అందుకే ఇట్టా ఉన్నాం!"

ఆ ఏడు నాణేలూ మళ్ళీ లెక్కపెడుతున్న చప్పుడు. తర్వాత ఆతె, "సరే, మార్చు," అంది. ఆ గొంతు నాకు కొత్తగా అనిపించింది.

బుధవారం తెల్లారేసరికి దుకాణం ముందు జాతరే! పది పీసోలకి రోజంతా అంటే ఎవడొదులుతాడు? రేవు గోడ మీద వరసగా కుర్రాళ్ళు, పిల్లలు, బడికి పోవలసిన మాస్టారు కూడా. డబ్బు కట్టేశాక ఊరికే ఉంటారా? ఒకడికి ఆట, ఒకడికి సినిమా. ఇంకొకడైతే ఫోనుని ఇసకలో పెట్టి నిద్రపోతున్నాడు, దాని పాటికి అది పాడుతోంది!

మా పడవ అప్పుడే ఒడ్డుకి వచ్చింది. అబ్బ, ఏం చేపలు! తొట్టి నిండా తులింగన్, నీలంగా నిగనిగలాడుతున్నాయి. నలభై కిలోలు. ఆ నెలలో అన్ని చేపలు పడలేదు. నేను పరుగున వెళ్ళి పది పీసోలు వేశాను, మరో దారి లేక. కోరింగ్‌కి రాశాను. ఫోను మీద ఆ గుండ్రటి గీత తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. కొనేవాళ్ళు వచ్చేశారు. వాళ్ళలో మాంగ్ సీరో ముందు నా చెవి దగ్గరికొచ్చాడు, "కిలో తొంభై అయిదు," అన్నాడు. ఇంకొకడు తొంభై. ఇంకొకడు ఎనభై ఎనిమిది. ఇంకా తిరుగుతోంది. ఎండెక్కితే చేప మెత్తబడుతుంది. "ఏం పెలాంగ్, నీ ఫోను పంతులు ఇంకా పలకలేదా?" అని మాంగ్ సీరో నవ్వాడు. వాడికి తల ఊపాను.

మాంగ్ సీరో చేపలు ఎత్తుకుని వెళ్ళిపోయాక కోరింగ్ జవాబు వచ్చింది. కిలో నూట డెబ్బై.

నాకు ఒళ్ళు మండిపోయింది! ఖాళీ తొట్టి ఎత్తుకుని దుకాణం కిటికీ మీద విసిరేశాను. "రోజంతా అమ్మావు కదా, నాకు కావలసిన మూడు నిమిషాలు ఎక్కడ ఆతె? అందులో లేవే!" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను, రాయదగ్గవి కావు. ఇనుప వల వెనక ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. 

సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చింది. అయిదు మెట్లు ఎక్కడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో నేను లోపల నుంచి విన్నాను. కదలలేదు. బుధవారం రాబడి మొత్తం ఒక బిస్కెట్ డబ్బాలో పోసి తెచ్చింది, గుమ్మం మీద పెట్టింది.

"తీసుకో పెలాంగ్."

"నీ డబ్బు నాకొద్దు. చేప ఉన్నప్పుడు ధర కావాలి. అమ్మేశాక ధర దేనికి, చంకలో పెట్టుకోనా?"

ఆమె డబ్బా ఎత్తుకుని మళ్ళీ ఆ అయిదు మెట్లూ దిగింది.

గురువారం పెట్టె మీద కొత్త కాగితం కనిపించింది. పీసోకి ఆరు నిమిషాలు. దాని కింద పెద్ద అక్షరాలతో, పడవలు వచ్చే వేళ ఆటలకి, సినిమాలకి నాణెం తీసుకోబడదు. తెల్లవారకముందే ఆతె పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవడైనా కుర్రాడు నాణెం పట్టుకొస్తే, "చేపలున్నాయా నీ దగ్గర? లేవా? అయితే పో!" అని తరిమేసింది. చేపలమ్మే ఆడవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఎవరిస్తో మైకులో నవ్వాడు. "వచ్చిన బేరాన్ని తరిమే దుకాణం ఎక్కడైనా చూశారా జనాలారా?"

నేను మాత్రం వెళ్ళలేదు. పౌరుషం! గురు, శుక్ర, శని మూడు రోజులూ కళ్ళు మూసుకుని అమ్మాను, మూడు రోజులూ మునిగాను. మా ఆయన నోరు మూసుకుని బతికిపోయాడు.

ఇక ఆదివారం. ఆ రోజు పడవ ఆలస్యంగా వచ్చింది. చేపలు అమ్మి, పూజకి అందక, తడి గౌనుతోనే కోర్టుకి పరిగెత్తాను. అప్పటికే జనం రెండుగా చీలిపోయారు. కోర్టు మధ్య గీతకి ఇటు ఆతె స్టూలు, అటు ఎవరిస్తో మూడు చక్రాల బండి. కాపితాన్ హిలారియో వేలు చూపిస్తూ రెండోసారి లెక్కపెడుతున్నాడు. చెమటలు కారిపోతున్నాయి.

"నలభై ఒకటి... నలభై ఒకటి!" అని చేతులెత్తేశాడు. "ఎనభై మూడు ఇళ్ళు కదయ్యా, ఇంకొక ఇల్లు ఏదీ?"

అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

ఈలలు! కేకలు! "ఇటు రా పెలాంగ్!" "అటు పోకు, నీ నలభై కిలోలు గుర్తులేవా!" అని ఎవరో గుర్తు చేశారు. ఎవరిస్తో కళ్ళద్దాలు తీసేశాడు. "ఆతె పెలాంగ్, మీకు ఏడాదంతా టికెట్టు ఉచితం! ఈ జనం ముందు మాటిస్తున్నాను!" ఏడాదంతా! మా ఇంటి మాట నాకే వదిలేసిన మా ఆయన, చూసేవాళ్ళ మధ్య నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, అటు పో, అటు పో అని. నా కోపం కూడా అటే తోస్తోంది. ఒక అడుగు అటు వేశాను కూడా, అబద్ధమెందుకు?

ఆతె వైపు చూశాను. అందరూ నన్ను పిలుస్తున్నారు, ఆమె పిలవలేదు. ఒళ్ళో అలారం గడియారం పెట్టుకుని కూర్చుంది, చర్చి మెట్టు మీద ఉండేదే, ముల్లు విరిగిపోయినది. అదృష్టం కోసం తెచ్చుకుందేమో. గడియారం బోర్లా ఉంది.

మా నాన్న పోయిన కబురు చెప్పిన రోజు తిప్పి పెట్టినట్టే. తిరిగి నేరుగా ఆమె దగ్గరికి నడిచాను.  వంగి, రేవులో కొనేవాడు వంగినట్టే వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను.

"పీసోకి ఆరు నిమిషాలు," అన్నాను. "ఆ ఆరూ నిండుగా ఉండాలి. ఒప్పుకుంటేనే బేరం."

ఆతె వెంటనే ఒప్పుకోలేదు. చేపలమ్మే వాళ్ళలాగే ఎటో చూస్తూ కాసేపు ఆగింది, ఆ పొగరు చూడండి! ఒళ్ళో గడియారాన్ని మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఏమందిరా? ఏమంది?" అని వెనక అరుపులు. "కాస్త పైకి చెప్పమ్మా, లెక్క రాసుకోవాలి!" అని కాపితాన్.

"చెవిలో చెప్పిన ధర పైకి చెప్పరు కాపితాన్," అన్నాను. "మీరు పుట్టింది ఈ దీవిలోనేనా?"

అప్పుడు లూడివీనా నన్ను చూసి తల ఊపింది.